వ్యాసం పంపేశాక తప్పు కనిపిస్తే...

అమెరికా కాలేజీలకు కామన్ యాప్‌లో (ఒకే దరఖాస్తును చాలా కాలేజీలకు పంపే వెబ్‌సైట్) అప్లై చేసే పిల్లలు చాలామంది సబ్మిట్ నొక్కాక వ్యాసాన్ని మళ్లీ తెరిచి చదువుతారు. సరిగ్గా అప్పుడే ఎక్కడో కామా పోయిందనో, ఒకే పదం రెండుసార్లు పడిందనో కనిపిస్తుంది. ఇక ఒకటే టెన్షన్.

దయచేసి అంత చిన్నదానికి కాలేజీకి మెయిల్ పెట్టకండి. 650 పదాల్లోపు ఉండే ఆ వ్యాసంలో వాళ్లు వెతికేది మిమ్మల్ని, మీ ఆలోచనను. ఒక్క అక్షరదోషం దాన్ని చెరిపేయదు. దిద్దిన ప్రతి పంపితే మాత్రం వాళ్ల చూపు ఆ తప్పు మీదికే వెళ్తుంది.

సమాచారమే తప్పయితే ఊరుకోవద్దు. మార్కులు, టెస్ట్ స్కోరు, చదువుతున్న కోర్సు లాంటివి తప్పు పడితే వెంటనే అడ్మిషన్స్ ఆఫీసుకు రాయండి. మీ పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఏది తప్పు, ఏది సరైనది, అంతే. సంజాయిషీలు అక్కర్లేదు. ఒక కాలేజీ వ్యాసంలో ఇంకో కాలేజీ పేరు ఉండిపోయినా ఇలాగే మర్యాదగా ఒక్కసారి తెలియజేయండి.

ఇంకో సంగతి. పంపేసిన కాలేజీ దగ్గర వ్యాసం మారదు గానీ, కామన్ యాప్‌లో దాన్నే దిద్ది మిగతా కాలేజీలకు పంపొచ్చు. నవంబరు 1కి ఎర్లీ (ముందస్తు దరఖాస్తు) కింద పంపినవాళ్లకు జనవరి గడువుల్లోపు బోలెడు సమయం ఉంటుంది. ఈసారి సబ్మిట్‌కు ముందు వచ్చే పీడీఎఫ్‌ను పైకి చదవండి, వీలైతే ఇంట్లో ఒకరికి వినిపించండి.