తిరుపతిలో ఉండి షీ-హల్క్ పాత కామిక్స్ సేకరించడం ఎలా?

నా పుస్తకం కొనకపోతే ఇంటికొచ్చి మీ ఎక్స్-మెన్ కామిక్స్ అన్నీ చింపేస్తానని అట్ట మీదే బెదిరిస్తుంది షీ-హల్క్, మార్వెల్ కామిక్స్‌లోని ఈ ఆకుపచ్చ లాయరమ్మ. అది 1989లో జాన్ బైర్న్ రాసి, గీసిన ‘సెన్సేషనల్ షీ-హల్క్’ మొదటి సంచిక. తానున్నది కామిక్‌లోనని ఆమెకు తెలుసు. మనతో మాట్లాడుతుంది, గీసేవాడితోనూ తగవు పెట్టుకుంటుంది.

ముందు ఏ సిరీస్ కావాలో తేల్చుకోండి. 1980లో మొదలైన ‘సావేజ్ షీ-హల్క్’ 25 సంచికలు, అల్లరి తక్కువ. అందులో మొదటిదానికే ధర ఎక్కువ, ఆమె తొలిసారి కనిపించింది అందులోనే కాబట్టి. అప్పటి వెల 40 సెంట్లు! ‘సెన్సేషనల్’ 60 సంచికలు. నన్నడిగితే బైర్న్ చేసిన మొదటి 8 చాలు, తర్వాత ఆయన తిరిగొచ్చిన 31 నుంచి చూసుకోవచ్చు.

ఇక వేట. మన ఊళ్లో పాత పుస్తకాల దగ్గర గైడ్లూ, పోటీ పరీక్షల పుస్తకాలే ఎక్కువ. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై సెంట్రల్‌లో దిగితే పక్కనే పాత పుస్తకాలమ్మే మూర్ మార్కెట్. వెళ్లిన ప్రతిసారీ దొరుకుతాయని మాత్రం అనుకోవద్దు. ఆన్‌లైన్‌లో అయితే ముందూ వెనకా అట్టలు, పిన్నులు, నడిమి పేజీ ఫొటోలు అడగండి. నేను అడగలేదు. వచ్చిన సంచికలో పిన్నులు తుప్పుపట్టి చుట్టూ గోధుమరంగు మరక, నడిమి కాగితం ఊడిపోయింది. ఒక్క కాగితమే కదా అనుకోకండి, నాలుగు పేజీలు పోయినట్టే. కథ ఉన్నట్టుండి గెంతింది.

కొన్నాక దాచడమే అసలు టెన్షన్. నవంబరు వానలకి గోడలు చెమ్మగిల్లుతాయి, మేలో అటక కాలిపోతుంది. ఒక్కో సంచికనీ పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ కవర్లో, వెనక యాసిడ్ లేని అట్టతో పెట్టి, నిలబెట్టి ఉంచండి. చిరిగినచోట సెల్లో టేపు వేయకండి, నాలుగేళ్లకి అదే పసుపు మరకవుతుంది. కలరా ఉండలు వేస్తే ఆ వాసన కాగితాన్ని వదలదు. నావి అమ్మ పట్టుచీరల బీరువాలో ఉన్నాయి. “ఈ పచ్చపిల్ల ఎవర్రా నా చీరల్లో?” అని మొన్న కూడా అడిగింది.

కొన్న నంబర్లు ఫోన్‌లో రాసుకోండి. 4వ సంచిక నా దగ్గర రెండున్నాయి.