నావికాధికారి గీసిన పాత సముద్ర చిత్రం మీ వద్ద ఉందా: పురావస్తువుగా నమోదుకు దరఖాస్తు విధానం

ఓడలు, రేవులు, తీరపు కొండలు కనిపించే పాత నీటిరంగుల చిత్రాలు కొన్ని కుటుంబాల గోడల మీద, అప్పుడప్పుడు పాత సామాన్ల దుకాణాల్లో ఇప్పటికీ దొరుకుతుంటాయి. అలాంటి చిత్రం వేసి నూరేళ్లు నిండి ఉంటే, అది భారతదేశంలో ఉన్నంతవరకు పురావస్తువులు, కళానిధుల చట్టం, 1972 పరిధిలోకి వస్తుంది. 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం కింద కేంద్రప్రభుత్వం నోటిఫై చేసిన రకాల పురావస్తువులను వాటి యజమానులు నమోదు చేయించుకోవాలి. కాగితం, గుడ్డ, చెక్క, పట్టు వంటి వాటి మీద వేసిన వర్ణచిత్రాలు ఆ జాబితాలో ఉన్నాయి.

చాలామందికి ఇక్కడే ఒక సందేహం వస్తుంది. బొమ్మ వేసినవాడు బ్రిటిష్ నౌకాదళ అధికారి, అందులో ఉన్నది ఏ పసిఫిక్ దీవో అయినప్పుడు మన చట్టంతో దానికేం పని అని అడుగుతారు. చట్టంలోని నిర్వచనం చిత్రకారుడి దేశాన్ని గాని, చిత్రంలోని ప్రదేశాన్ని గాని పట్టించుకోదు. వయసును, కళాకృతి అన్న లక్షణాన్ని మాత్రమే చూస్తుంది. కనుక విదేశీయుడి బొమ్మ కదా అని నమోదు మానేయడం పొరపాటు. వారసత్వంగా వచ్చినా, కొన్నా, బహుమతిగా అందినా, నమోదు కావలసిన వస్తువు చేతికి వచ్చిన 15 రోజుల్లోగా దరఖాస్తు చేయాలని సెక్షన్ 14 చెబుతోంది. గడువు దాటిందని తెలిసినవారు మరింత ఆలస్యం చేయకుండా, ఆలస్యానికి కారణం రాసి దరఖాస్తు ఇవ్వడమే మంచిది. నమోదు నిబంధనను ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

దరఖాస్తును ఫారం 7లో, మీ ప్రాంతానికి నియమితుడైన నమోదు అధికారికి ఇవ్వాలి. ఆ అధికారి ఎవరన్నది రాష్ట్ర పురావస్తు శాఖ కార్యాలయంలో గాని, భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ సర్కిల్ కార్యాలయంలో గాని కనుక్కోవచ్చు. తెలంగాణవారికి హైదరాబాద్ సర్కిల్, ఆంధ్రప్రదేశ్‌వారికి అమరావతి సర్కిల్ ఉన్నాయి. ఫారంలో యజమాని పేరు, చిరునామాతో పాటు వస్తువు వివరణ, అది దేనితో తయారైంది, కొలతలు, సుమారు కాలం, ఎలా ఎప్పుడు సంపాదించారు, ప్రస్తుతం ఎక్కడ, ఏ స్థితిలో ఉంది అన్న విషయాలు రాయాలి, ఫొటోలు జతచేయాలి.

ఫారంలో అతి కష్టమైనవి వివరణ, కాలం అన్న రెండు గడులే. "పాత ఓడ బొమ్మ, ఒకటి" అని రాసిన దరఖాస్తు వల్ల ఎవరికీ ప్రయోజనం లేదు. రేపు ఆ చిత్రం దొంగతనానికి గురైతే పోలీసులు దాన్ని గుర్తుపట్టలేరు. కెమెరా లేని రోజుల్లో సముద్రం మీద నుంచి తీరం ఎలా కనిపిస్తుందో గీసుకురావడం నౌకాధికారి ఉద్యోగధర్మంలో భాగం. పోర్ట్స్‌మత్‌లోని నౌకా విద్యాలయంలో 1811 నుంచి 1836 వరకు జాన్ క్రిస్టియన్ షెట్కీ అనే చిత్రకారుడు భావి అధికారులకు చిత్రలేఖనం నేర్పాడు. అలా తయారైనవారి బొమ్మల మీద, ముఖ్యంగా వెనకవైపు, ఓడ పేరు, తేదీ, తీరం ఏ దిక్కున ఎంత దూరంలో కనిపించింది అన్న రాత ఉండే అవకాశం ఎక్కువ. ఆ రాతను అక్షరం పోకుండా దరఖాస్తులో ఎక్కించాలి, దానికి విడిగా ఫొటో తీయాలి.

కాలం తేల్చడానికి చిత్రంలోనే ఆధారాలు దొరుకుతాయి. బ్రిటిష్ యుద్ధనౌకలు 1864కు ముందు తమ దళాన్ని బట్టి ఎరుపు, తెలుపు, నీలం జెండాల్లో ఏదో ఒకటి ఎగరేసేవి. ఆ ఏడాది నుంచి నౌకాదళానికి తెల్ల జెండా ఒక్కటే మిగిలింది. కాబట్టి యుద్ధనౌక వెనుక భాగాన నీలి జెండా కనిపిస్తే అందులో చూపిన కాలం 1864కు ముందుదని భావించవచ్చు. జెండా మూలలోని యూనియన్ గుర్తులో, అంటే బ్రిటన్ జాతీయ జెండా నమూనాలో, ఎర్రటి ఏటవాలు గీతలు ఉంటే అది 1801 తర్వాతిది. కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి చూసినప్పుడు కాగితం తయారీదారు జె. వాట్‌మన్ పేరు, దాని కింద సంవత్సరం వాటర్‌మార్కుగా (కాగితంలోనే ఉండే గుర్తుగా) కనిపిస్తే, ఆ సంవత్సరానికి ముందు ఆ చిత్రం వేయలేదని ఖాయంగా చెప్పవచ్చు. అయితే ఓడ మీద తీసుకెళ్లిన కాగితం ఏళ్ల తరబడి వాడుకలో ఉండవచ్చు కనుక దాన్నే చిత్రం వేసిన సంవత్సరంగా రాయకూడదు. చిత్రం ఫ్రేములో బిగిసి ఉంటే, వాటర్‌మార్కు కోసం దాన్ని ఇంట్లో విప్పే ప్రయత్నం దయచేసి చేయకండి. అంటుకుపోయిన కాగితం చిరిగితే ఏ ధ్రువపత్రమూ దాన్ని తిరిగి ఇవ్వదు.

చిత్రంలోని సంఘటన తేదీ, చిత్రం వేసిన తేదీ వేరు కావచ్చు. ఉదాహరణకు 1804 సెప్టెంబరులో విశాఖపట్నం రేవు ముందు సెంచూరియన్ అనే బ్రిటిష్ నౌకకు, లిన్వా నాయకత్వంలోని ఫ్రెంచి నౌకలకు పోరు జరిగింది. ఆ దృశ్యం ఉన్న బొమ్మ మీ వద్ద ఉంటే, అది కళ్లారా చూసిన అధికారి వేసిందా, తరువాతి కాలంలో ఎవరైనా ఊహించి వేసిందా అన్నది తేలేదాకా "1804 నాటి ఘటనను చూపే చిత్రం" అని మాత్రమే రాయడం నిజాయితీ. అధికారుల బొమ్మలను లండన్‌లో అచ్చువేసి, ఆపై చేత్తో రంగులద్దిన ప్రతులూ ఉన్నాయి. భూతద్దంలో రంగు కింద సన్నని చుక్కలు, కాగితం చుట్టూ రాగిరేకు నొక్కిన అంచు కనిపిస్తే ఆ సంగతీ దరఖాస్తులో చెప్పాలి. పేరు తెలిసిన అధికారి అయితే అతని సేవా వివరాలకు లండన్ దగ్గర క్యూలోని జాతీయ పత్రాగారం, శైలిని పోల్చుకోవడానికి గ్రీనిచ్‌లోని జాతీయ సముద్రయాన మ్యూజియం ఉపయోగపడతాయి. 1849 ప్రాంతంలో పసిఫిక్‌లో డాఫ్నీ నౌకకు కెప్టెన్‌గా ఉన్న ఎడ్వర్డ్ జెన్నిస్ ఫ్యాన్షా వేసిన నీటిరంగుల చిత్రాలు ఆ మ్యూజియంలోనే ఉన్నాయి.

దరఖాస్తు అందాక అధికారి అవసరమనుకున్న విచారణ జరిపి నమోదు ధ్రువపత్రం ఇస్తారు. దరఖాస్తుదారు చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా దాన్ని తిరస్కరించరాదు. అసలు ఇది పురావస్తువేనా అన్న ప్రశ్న తలెత్తితే సెక్షన్ 24 ప్రకారం పురావస్తు సర్వేక్షణ సంస్థ డైరెక్టర్ జనరల్, లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి తేలుస్తారు. ఆ నిర్ణయమే అంతిమం. నమోదైనంత మాత్రాన చిత్రం ప్రభుత్వానిది అయిపోదు, మీ గోడ మీదే ఉంటుంది. ప్రజల కోసం భద్రపరచడం అవసరమని కేంద్రం భావిస్తే పరిహారం చెల్లించి తీసుకునే అధికారం చట్టంలో ఉన్న మాట నిజమే గాని, ఆ భయంతో దాచిపెట్టడం యజమానికే నష్టం. తరువాత చిత్రాన్ని పిల్లలకు ఇచ్చినా, మరొకరికి అమ్మినా ఆ మార్పును నమోదు అధికారికి తెలియజేయాలి. పురావస్తువులు అమ్మే వ్యాపారం చేసేవారికి వేరే లైసెన్సు ఉండాలి.

దేశం దాటించే విషయంలో మాత్రం చట్టం చాలా కఠినం. పురావస్తువును కేంద్రప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన సంస్థ తప్ప మరెవరూ ఎగుమతి చేయరాదు. చేస్తే ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి. నూరేళ్లు నిండని చిత్రమైతే పురావస్తువు కాదన్న ధ్రువపత్రాన్ని సర్వేక్షణ సంస్థ నుంచి ముందే తీసుకుని ప్రయాణించాలి. బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారు అక్కడి వేలంలో కొన్న ఇలాంటి చిత్రాన్ని సొంత ఊరికి తేదలిస్తే, 50 ఏళ్లు దాటిన కళావస్తువులకు ఆ దేశంలో ఎగుమతి లైసెన్సు నియంత్రణ ఉందని, విలువను బట్టి ఏ లైసెన్సు వర్తిస్తుందో ఇంగ్లండ్ ఆర్ట్స్ కౌన్సిల్ చూస్తుందని గమనించాలి. ఒకసారి ఇక్కడికి తెచ్చిన నూరేళ్ల చిత్రాన్ని మళ్లీ లండన్‌లోని ఇంటికి తీసుకెళ్లగలమన్న భరోసా ఉండదు కనుక, విమానం ఎక్కించక ముందే అది శాశ్వతంగా ఎక్కడ ఉండాలో కుటుంబం నిర్ణయించుకోవాలి.