గాన్సు, చింగ్‌హై రంగు కుండ వేలంలో కొనే ముందు జాగ్రత్తలు

మార్చిలో న్యూయార్క్‌లో ఆసియా కళల వేడుక ఏషియా వీక్, నవంబరులో లండన్ వేలాలు. ఈ సీజన్లలో చైనా నవపాషాణ యుగపు రంగు కుండలు కేటలాగుల్లో తరచుగా కనిపిస్తాయి. పెద్ద పొట్ట, చిన్న అడుగు, పొట్టకు రెండు చెవులు, పైసగంలో మాత్రమే నలుపు, జేగురు రంగుల చిత్రణ. ఇవి వాయవ్య చైనాలోని గాన్సు, చింగ్‌హై ప్రాంతాల మాజియాయావ్ సంస్కృతికి చెందినవి. వీటిలో బాన్‌షాన్, దాని తర్వాతి మాచాంగ్ దశల కుండలే ఎక్కువగా అమ్మకానికి వస్తాయి. వయసు సుమారు 4,000 నుంచి 4,600 ఏళ్లు. 1920లలో స్వీడన్ భూగర్భ శాస్త్రవేత్త యోహాన్ గున్నార్ ఆండర్సన్ వీటిని లోకానికి చూపించాడు. 1974లో తవ్వకాలు మొదలైన చింగ్‌హైలోని లియువాన్ శ్మశానంలో ఒక్క సమాధిలోనే 90కి పైగా కుండలు దొరికాయి. ఇన్ని ఉన్నాయి కాబట్టే థాంగ్ వంశ కాలపు మట్టి గుర్రం బొమ్మలతో పోలిస్తే వీటి ధర తక్కువ. దొంగ తవ్వకాలకూ, మార్పులు చేసి అమ్మడానికీ ఇవి అనువుగా దొరికేదీ అందుకే.

అమ్మేవారు ముందుగా చూపించేది థర్మోల్యూమినిసెన్స్ పరీక్ష నివేదిక. దీన్ని క్లుప్తంగా టీఎల్ అంటారు. డ్రిల్ చేసి నమూనా తీసిన చోట మట్టి చివరిసారి ఎప్పుడు కాలిందో మాత్రమే అది చెబుతుంది. పైన ఉన్న రంగు గురించి ఏమీ చెప్పదు. అసలు చిక్కంతా ఇక్కడే. బొమ్మలు లేని, లేదా చెరిగిపోయిన అసలైన పాత కుండ మీద కొత్తగా సుడులు, రంపపు పళ్ల గీతలు వేస్తే ధర పెరుగుతుంది. ఆ కుండ టీఎల్ పరీక్షలో నిక్షేపంగా నెగ్గుతుంది. వేర్వేరు కుండల పెంకులు అతికించి ఒకటిగా నిలబెట్టినా, డ్రిల్ చేసిన పెంకు పాతదైతే చాలు, కాగితం వచ్చేస్తుంది. అందుకే నమూనా అడుగులోనూ, పైభాగంలోనూ రెండు చోట్ల తీశారా అని అడగండి. డ్రిల్ రంధ్రాల ఫొటోలు కావాలనండి. నివేదిక నంబరును ల్యాబ్‌కే నేరుగా పంపి సరిచూసుకోండి. ఫలితంలో 20 నుంచి 25 శాతం అటూఇటూ ఉంటుంది. నాలుగు వేల ఏళ్ల కుండకు అది దాదాపు వెయ్యేళ్ల తేడా. కాబట్టి టీఎల్ చూపించి "ఇది మాచాంగ్ కాదు, బాన్‌షానే" అని ఎవరన్నా నమ్మకండి.

రంగును పదిరెట్ల భూతద్దంతో చూడాలి. ఈ కుండలకు రంగు కాల్చక ముందే పూసేవారు. నలుపు మాంగనీసు, ఇనుము ఖనిజాలది, ఎరుపు ఇనుముది. కాలిన రంగు మట్టిలో కలిసిపోయి ఉంటుంది. నేలలో ఉండగా పట్టిన సున్నపు పొర, మొక్కల వేళ్ల గుర్తులు రంగు గీతల మీదుగా సాగాలి. సున్నపు పొర మీద రంగు ఉంటే తర్వాత వేసిందే. ఇంకా కచ్చితమైన గుర్తు ఒకటి ఉంది. బొమ్మను అడ్డంగా కోసిన పాత గీకుడు ఒకటి వెతకండి. అక్కడ రంగు తెగి లోపలి మట్టి కనబడాలి. గీకుడు లోతులోకి కూడా రంగు దిగి ఉందంటే ముందు గీకుడు పడింది, తర్వాత కుంచె నడిచింది. అసిటోన్ తడిపిన దూదికి పై రంగు అంటుకున్నా అంతే. కానీ ఈ పరీక్ష వేలం సంస్థ ఒప్పుకున్నాక, సంరక్షణ నిపుణుల చేతే, మూలన చిన్న చోట చేయించండి.

అతుకుల కోసం చీకటి గదిలో 365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ టార్చ్ వేయండి. చాలా రకాల కొత్త జిగురు, రెసిన్ పాలనీలంగా మెరుస్తాయి, మట్టి మసకగానే ఉంటుంది. మెరవని పదార్థాలతో పూడ్చేవారూ ఉన్నారు కాబట్టి టార్చ్ లోపలికీ తిప్పండి. బయట నున్నగా సవరించినవాళ్లు లోపల అతుకుల్ని వదిలేస్తుంటారు. లోపలంతా ఒకే మందంలో మట్టి పూసి ఉంటే మరింత అనుమానించాలి. సంతలో కుండ కొనేటప్పటిలా వేలి కణుపుతో మెల్లగా కొట్టి చూడండి. మొద్దు శబ్దం వస్తే బీటో, అతుకో ఉన్నట్టే. అతుకు ఉండటం తప్పు కాదు, చెప్పకపోవడమే తప్పు. ఎంత శాతం పూడ్చారో, ఎంత మేర మళ్లీ రంగు వేశారో రాతపూర్వకంగా తీసుకోండి.

కుండ అసలుదని తేలినా, అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పే కాగితాలు సరిగా లేకపోతే వదిలేయండి. ఆ మాట గట్టిగానే అంటున్నాం. భూమిలో దొరికిన ప్రాచీన వస్తువులు చైనా చట్టం ప్రకారం ప్రభుత్వానివి. 2009 జనవరిలో అమెరికా, చైనా కుదుర్చుకున్న ఒప్పందంతో థాంగ్ వంశం ముగిసేదాకా, అంటే 907 వరకు ఉన్న పురావస్తువుల దిగుమతిపై ఆంక్షలు వచ్చాయి. అమెరికాలోని తెలుగువారు ఇతర దేశాల వేలాల్లో కొని తెప్పించుకుంటే కస్టమ్స్ జప్తు చేసే ప్రమాదం ఉంది. "పాత యూరోపియన్ సేకరణ" అన్న ఒక్క ముక్క ఆధారం కాదు. తేదీ ఉన్న బిల్లు, పాత కేటలాగు పేజీ, దిగుమతి పత్రం కావాలి. హైదరాబాదుకో విజయవాడకో తెచ్చుకోవాలనుకుంటే ముందే భారత పురావస్తు సర్వేక్షణను అడగండి. 1972 చట్టం పురావస్తువుకు పెట్టిన వయసు కనీసం వందేళ్లు. పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయడాన్ని అదే చట్టం నిషేధించింది. మళ్లీ విదేశం వెళ్లేటప్పుడు కుండను వెంట తీసుకెళ్లలేకపోవచ్చు.

చేతికొచ్చాక చెవులు పట్టుకునో, మూతి పట్టుకునో ఎత్తకండి. ఒక చెయ్యి అడుగున, ఒకటి పొట్టకు. నీళ్లతో కడగకండి, పూలు పెట్టకండి. మట్టిలో కరిగే ఉప్పు మిగిలి ఉంటే తడికి పైకొచ్చి, ఆరినప్పుడు పేరుకుని, రంగును పెచ్చులుగా లేపుతుంది. విశాఖ లాంటి తీర ఊళ్లలో ఏసీ రాత్రి వేసి పగలు ఆపేస్తే గాలిలో తేమ మాటిమాటికీ మారుతుంది, ఆ ఊగిసలాటే ఎక్కువ చేటు. చిన్న అడుగు వల్ల తేలిగ్గా ఒరిగిపోతుంది కాబట్టి కింద మెత్తని చుట్ట వేసి, లోపల గుడ్డ సంచిలో కొంచెం పొడి ఇసుక పెట్టి నిలపండి. వేరేచోటికి తరలించేటప్పుడు ఆ ఇసుక సంచి ముందు తీసేయాలి.