సంఘానికి మోడరేటర్ వస్తున్నారా? ఇలా సిద్ధపడండి

అమెరికాలో ప్రెస్బిటేరియన్ చర్చి (యు.ఎస్.ఎ.)కి చెందిన ఒక చిన్న సంఘానికి నేను సెషన్ క్లర్క్‌ని. సెషన్ అంటే సంఘాన్ని నడిపే పెద్దల మండలి. సభ్యుల పట్టిక, మినిట్స్, ఏటా పైకి పంపే లెక్కలు అన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి. ఆదివారం నలభై మంది వస్తే మాకు పండగే. పైనుంచి నాయకులు మా దగ్గరకు రెండుసార్లు వచ్చారు. మొదటిసారి ఆ అవకాశాన్ని చేజేతులా పాడుచేసుకున్నాం.

అన్నిటికన్నా ముందు, వస్తున్నది ఎవరో సరిగా అర్థం చేసుకోండి. మన తెలుగు క్రైస్తవుల్లో చాలామందిమి సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో పెరిగినవాళ్లం. బిషప్‌గారు వస్తున్నారంటే వినతిపత్రం రాసుకోవడం మనకు అలవాటు. ప్రెస్బిటేరియన్లకు బిషప్పులు లేరు. మోడరేటర్లంటే చర్చి మొత్తానికి పై సభ అయిన జనరల్ అసెంబ్లీకి అధ్యక్షత వహించేవాళ్లు, రెండేళ్లకు ఎన్నికవుతారు. పాస్టరును నియమించే అధికారం వాళ్లకు లేదు. పాస్టరును పిలిచేది సంఘం, ఆమోదించేది ప్రెస్బిటరీ, అంటే ఆ ప్రాంతపు సంఘాలన్నిటి మీద ఉండే మండలి. కాబట్టి వాళ్లను అడగాల్సింది సాయం కాదు, సమాచారం. ఇన్ని సంఘాలు తిరిగారు కదా, మాలాంటి చోట్ల ఏది నిలబడింది, ఏది నిలబడలేదు? ఈ ప్రశ్న కోసమే రోజంతా కేటాయించినా తప్పులేదు.

మొదటిసారి మేం రెండు గంటల కార్యక్రమం పెట్టాం. క్వయర్, సంఘ చరిత్ర ఫోటోలు, వందన సమర్పణ. వచ్చినాయన మాట్లాడింది పది నిమిషాలు. ఎనభై దాటిన ఒక పెద్దావిడ చివరిదాకా మూడో బెంచీలో కూర్చుంది. తర్వాత కారు ఎక్కుతూ నాతో, "నా అంత్యక్రియల నాటికి ఈ గుడి తెరిచే ఉంటుందా అని అడుగుదామనుకున్నానయ్యా, సందు దొరకలేదు" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండోసారి కార్యక్రమం అంతా తీసేశాం. మీరూ తీసేయండి. దాని బదులు ఒకే ఒక కాగితం తయారు చేసుకోండి. పదేళ్ల హాజరు, బాప్తిస్మాలు, అంత్యక్రియలు, కానుకలు, పైకప్పు మరమ్మతుకు పక్కన పెట్టిన డబ్బు, అంతే. మా కాగితంలో బాప్తిస్మాలు 3, అంత్యక్రియలు 19. దాచాలనిపిస్తుంది, దాచకండి. 1983లో అట్లాంటాలో అమెరికా ఉత్తర, దక్షిణ ప్రెస్బిటేరియన్ చర్చిలు మళ్లీ ఏకమై మా చర్చి శాఖ ఏర్పడినప్పుడు సభ్యులు 31 లక్షల పైచిలుకు. 2023 చివరికి 11 లక్షల లోపు. వచ్చేవారికి ఈ అంకెలు కొట్టినపిండి. మీ అంకె చూసి వాళ్లు మిమ్మల్ని తక్కువ చేయరు.

వీలైతే మామూలు పనిరోజున రమ్మనండి. మేం గురువారం సాయంత్రం పిలిచాం, ఆరోజు మా వంటగదిలో పేద కుటుంబాలకు సరుకులు పంచుతాం. వచ్చినావిడ కోటు విప్పి కుర్చీకి తగిలించి, మాతోపాటు బీన్స్ డబ్బాలు సంచుల్లో సర్దడం మొదలుపెట్టారు. ఆదివారం గుడికి రాని పిల్లలు ఇద్దరు తలుపు పట్టుకుని నిలబడ్డారు. "వీళ్లు మీ పట్టికలో ఉన్నారా?" అని ఆవిడ నన్ను అడిగారు. లేరన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. నిరీక్షణ గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను గానీ, ఆ ప్రశ్న తగిలినంతగా ఏదీ తగల్లేదు.

ప్రభురాత్రి భోజనం కూడా ఉంటే, సెషన్ ముందే ఆమోదించి మినిట్స్‌లో రాయించాలి. ఇది మరచిపోవద్దు.

మాట్లాడే సమయం వచ్చినప్పుడు మొదటి ప్రశ్న సెషన్ పెద్దలది కాకుండా చూడండి. మేం ఆ పెద్దావిడకే ఇచ్చాం. ఆమె అదే ప్రశ్న అడిగింది. నాయకురాలు మాట ఇవ్వలేదు, ఇచ్చుంటే నేను నమ్మేవాణ్ని కాను. పూర్తికాలపు పాస్టరును పోషించలేని సంఘాల్లో, రూలింగ్ ఎల్డర్‌కు (సంఘం ఎన్నుకున్న పెద్దకు) శిక్షణ ఇచ్చి, ప్రెస్బిటరీ అధికారికంగా నియమించి, కాపరి పని అప్పగించే పద్ధతి ఉందని వివరించారు. "మీలో ఎవరున్నారు?" అని అడిగి ఊరుకున్నారు. ఆ నిశ్శబ్దాన్ని ఎవరూ పూడ్చకుండా చూడటం క్లర్క్‌గా నా పని అనుకున్నాను.

వారంలోపే సెషన్‌ను కూర్చోబెట్టండి. విన్నదాంట్లో ఒక్కటే ఎంచుకుని, ఎవరు చేస్తారో, ఎప్పటికి చేస్తారో మినిట్స్‌లోకి ఎక్కించండి. మూడు ఎంచుకుంటే ఒక్కటీ జరగదు. మా మినిట్స్‌లో ఆరోజు ఒక ఎల్డర్ పేరు, శిక్షణ మొదలయ్యే నెల ఉన్నాయి. దాని కింద ఇంకో వాక్యం ఉంది: గురువారం వంటగది తాళంచెవి ఇకమీదట ఆ పెద్దావిడ దగ్గర ఉంటుంది.