హెల్ప్‌లో ఉన్న పేజీ సెర్చ్‌లో దొరక్కపోతే

మీరు రాసిన సాఫ్ట్‌వేర్ హెల్ప్ గురించి గుంటూరు మిర్చి యార్డు నుంచి గుమస్తా ఫోన్ చేస్తాడు. "హెల్ప్‌లో లేదు సార్." మీరు తెరిచి చూస్తే పేజీ నిక్షేపంగా ఉంటుంది. వెంటనే మెనూలన్నీ పీకి కొత్త వరుసలో పేర్చడం మొదలుపెడతారు. ఆ పని ఆపి, ముందు సెర్చ్ లాగ్ తెరవండి.

ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చూడనిది అదే. జనం ఏం టైప్ చేశారో, దేనికి సున్నా ఫలితాలొచ్చాయో అందులో ఉంటుంది. కమీషన్ షాపుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు హెల్ప్ రాసినప్పుడు మేం 'యూనిట్ల నమోదు' అని శీర్షిక పెట్టాం. యార్డులో యూనిట్ అనేవాళ్లు ఒక్కరూ లేరు, అది టిక్కీ, అంటే మిర్చి బస్తా. 'రైతు చెల్లింపు నివేదిక' అని రాస్తే వాళ్లు పట్టీ కోసం వెతికారు. శీర్షికలో వాళ్ల మాట పెట్టండి, మెనూలో ఉన్న పేరును మొదటి వాక్యంలో రాయండి. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్ల కోసం ఆ స్పెల్లింగులు కూడా కీవర్డ్‌లలో చేర్చండి.

మాట కలిసినా సున్నాయే వస్తోందా? నన్ను రెండు రోజులు తిప్పించింది ఇదే.

పేజీ పేరు 'బిల్ రద్దు'. గుమస్తా కొట్టిందీ 'బిల్ రద్దు'. అతనికి ఏమీ రాలేదు, నాకు మాత్రం ప్రతిసారీ వచ్చింది. కారణం, నేను శీర్షికను కాపీ చేసి సెర్చ్‌లో పేస్ట్ చేస్తున్నాను! మొదట ఎవరో 'బిల్‌ను రద్దు చేయడం' అని రాశారు. 'ల్' కింద 'ను' ఒత్తుగా పడకుండా మధ్యలో కీబోర్డు ఒక కనిపించని గుర్తు పెడుతుంది, పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. తర్వాత 'ను' తీసేశారు, ఆ గుర్తు అక్కడే ఉండిపోయింది. నా పేస్ట్‌లో అదీ వచ్చేది, గుమస్తా టైపింగ్‌లో రాదు.

పట్టుకోవడం తేలికే. అనుమానమున్న మాటను ఎక్సెల్‌లో వేసి అక్షరాలు, గుర్తులు లెక్కపెట్టే లెన్ ఫంక్షన్ పెట్టండి. 'బిల్'కు 4 రావాలి (బ, గుడి, ల, పొల్లు). 5 వస్తే దొంగ దొరికినట్టే.

శీర్షికలు ఒక్కొక్కటీ దిద్దుకుంటూ కూర్చోకండి, రేపు ఇంకొకరు మళ్లీ పెడతారు. ఇండెక్స్ (సెర్చ్ చూసే మాటల పట్టిక) కట్టేటప్పుడు, యూజర్ వెతికేటప్పుడు, రెండు చోట్లా యూనికోడ్ 200సి (ఈ నాన్ జాయినర్), 200డి (దాని జోడీ జాయినర్) గుర్తులను తీసేయించండి. ఒక్కచోటే తీస్తే ఇప్పుడున్నదానికన్నా ఘోరంగా తయారవుతుంది. ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ ఇంజిన్ వాడుతుంటే, యూనికోడ్ పాఠాన్ని సరిచేసే దాని ఐసీయూ ప్లగిన్‌లోని నార్మలైజర్ ఆ పని చేసిపెడుతుంది. తెర మీద కనిపించే పాఠం జోలికి మాత్రం వెళ్లొద్దు, అక్కడ తీస్తే 'పాస్‌వర్డ్' కాస్తా 'పాస్వర్డ్' అయి కూర్చుంటుంది. ఇండెక్స్ మళ్లీ కట్టాక ఫోన్‌లో చేత్తో టైప్ చేసి చూడండి.

లాగిన్ వెనక ఉండిపోయిన పేజీలు, బొమ్మలుగా పెట్టిన పాఠం లాంటివి అరుదు, చూడగానే తెలిసిపోతాయి. విజయవాడలో ఎప్పుడో యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో డీటీపీ చేయించిన మాన్యువల్ పీడీఎఫ్ అయితే ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేయండి. పిచ్చి గుర్తులు వస్తే దాన్ని యూనికోడ్‌లోకి మార్చాల్సిందే. కన్వర్టర్ ఇచ్చినదాంట్లో ఒత్తులు ఒకసారి కంటితో చూసుకోండి.