అల్జీమర్స్ పత్రాలు చదవడం నేర్చుకుందాం – పాఠం 5: సీఎస్‌ఎఫ్‌లో 42 తగ్గిందంటే...

పోయినసారి ఇచ్చిన పట్టిక దగ్గర చాలామంది ఒకేచోట బోల్తా పడ్డారు. వెన్నులోంచి తీసిన ద్రవంలో, అంటే సీఎస్‌ఎఫ్‌లో, అమిలాయిడ్ బీటా 42 (ఈ జబ్బులో మెదడులో పేరుకుపోయే ప్రొటీన్ ముక్క, ఇకపై ఉత్త 42) తక్కువగా ఉన్న మనిషికి ‘జబ్బు లేదు’ అని రాశారు. అందుకే ఈవారం అనుకున్న మైక్రోగ్లియా (మెదడులోని రక్షక కణాలు) సంగతి పక్కన పెడుతున్నాను.

నాడీకణాల పొరలో ఉండే ఏపీపీ ప్రొటీన్‌ను ముందు బీటా సెక్రిటేజ్, తర్వాత గామా సెక్రిటేజ్ అనే ఎంజైములు కోస్తాయని మీకు తెలుసు, మళ్లీ చెప్పను. గామా కోత పడిన చోటును బట్టి 40 అమైనో ఆమ్లాల ముక్కో, 42 ముక్కో వస్తుంది. ఎక్కువగా తయారయ్యేది 40. కానీ 42 చివర అదనంగా ఉన్న రెండింటికీ నీళ్లంటే పడదు, అందుకని ఈ ముక్కలు ఒకదానికొకటి అతుక్కుంటాయి.

మెదడులో ఇలా అతుక్కున్న ముద్దలు, అంటే ఫలకాలు, కట్టడం మొదలయ్యాక 42 అక్కడే చిక్కుకుపోతుంది, సీఎస్‌ఎఫ్‌లోకి వచ్చేది తగ్గుతుంది. ఎగువన చెరువులో నీళ్లు ఆగిపోతే దిగువ కాలువ ఎండుతుంది కదా, దాన్ని చూసి వాన పడలేదంటామా? 42 తగ్గడం అంటే తయారీ తగ్గడం కాదు. పెట్ స్కాన్‌లో అమిలాయిడ్ కనబడటం, సీఎస్‌ఎఫ్‌లో 42 పడిపోవడం రెండూ ఒకే సంగతి చెబుతాయి, అదీ మతిమరుపు బయటపడటానికి పదేళ్లకు పైగా ముందే. ‘జబ్బుంటే అన్నీ పెరగాలి’ అనే సూత్రం ఎవరు నేర్పారో గానీ దయచేసి మరిచిపోండి. ఫాస్ఫో టావ్ (నాడీకణాల్లోని టావ్ ప్రొటీన్‌కు ఫాస్ఫేట్ తగిలిన రూపం) మాత్రం అదే ద్రవంలో పెరుగుతుంది.

నేనైతే 42ను ఒంటరిగా నమ్మను, 42ను 40తో భాగించి చూస్తాను. కొందరికి మొత్తం అమిలాయిడ్ తయారీయే తక్కువ. వాళ్లలో రెండూ తగ్గుతాయి, నిష్పత్తి మామూలుగానే ఉంటుంది. ఇంకో గొడవ సీఎస్‌ఎఫ్ పట్టే ప్లాస్టిక్ గొట్టాలతో. పాలీస్టైరీన్ గొట్టంలో పోస్తే 42 గోడలకు అంటుకుని, లేని తగ్గుదల కనబడుతుంది. అందుకే పాలీప్రొపిలీన్ వాడతారు. ఏ గొట్టం వాడారో రాయని పత్రమంటే నాకు అనుమానమే.

అభ్యాసం:

ఈ ముగ్గురిలో అల్జీమర్స్ సూచన ఎవరికుందో చెప్పండి. ఒకరికి 42, 40 రెండూ తక్కువ, ఫాస్ఫో టావ్ మామూలు. ఇంకొకరికి 42 తక్కువ, 40 మామూలు, ఫాస్ఫో టావ్ ఎక్కువ. మూడోవారికి అమిలాయిడ్ అంతా మామూలు, మొత్తం టావ్ (అన్ని రూపాలూ కలిపి) మాత్రం విపరీతం. మూడోవారి గురించి తొందరపడకండి, పక్షవాతం వచ్చినా నాడీకణాలు చచ్చి టావ్ బయటపడుతుంది.

చివరిది కష్టం. డౌన్ సిండ్రోమ్‌లో 21వ క్రోమోజోమ్ మూడు ప్రతులు, ఏపీపీ జన్యువు ఉండేది దాని మీదే. పసితనం నుంచి యాభై ఏళ్ల దాకా వాళ్ల సీఎస్‌ఎఫ్‌లో 42 ఎలా మారుతుందో గీత గీయండి. గీత ఒకేవైపు పోయిందంటే చెరువు దగ్గర నుంచి మళ్లీ చదవండి.