ఉపగ్రహ చిత్రాల్లో ఎడారి వెంట భూఫలకాల సరిహద్దును గుర్తించే పద్ధతి

భూఫలకాల (భూమి పైపొరలోని కదిలే పెద్ద ముక్కల) సరిహద్దును కక్ష్య నుంచి తీసిన చిత్రాల్లో చూడదలచినవారు మొదట ఎడారినే ఎంచుకోవాలి. అడవి, పైరు, మందపాటి మట్టి కప్పని చోటే శిలల రంగులూ నేల చీలికలూ స్పష్టంగా బయటపడతాయి. అభ్యాసానికి మృత సముద్రం నుంచి అకాబా సింధుశాఖ దాకా ఇజ్రాయెల్, జోర్డాన్ సరిహద్దు వెంట సాగే వాదీ అరబా లోయ చాలా అనువైనది. దానికి తూర్పున అరేబియా ఫలకం, పడమట సీనాయి భూభాగం ఉన్నాయి. ఏడాదికి సుమారు 5 మిల్లీమీటర్ల వేగంతో అవి ఒకదాని పక్కగా మరొకటి జారుతున్నాయి.

కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-2 తీసిన చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. వసంతంలో దుమ్ము గాలులు చిత్రాన్ని మసకబారుస్తాయి కనుక, డిసెంబరు, జనవరి నెలల్లో మబ్బులేని రోజును ఎంచుకోండి. అప్పుడు సూర్యుడు కిందుగా ఉండి, చిన్న గట్ల నీడలు సైతం పొడవుగా పడతాయి.

ముందు దూరం నుంచి చూడండి. ఎర్ర సముద్రం ఉత్తరాన రెండుగా చీలుతుంది. వెడల్పాటి సూయజ్ శాఖ నిస్సారమైనది. ఇరుకైన అకాబా శాఖ 1,800 మీటర్లకు పైగా లోతున్నది కనుక నీరు దాదాపు ఒడ్డు నుంచే ముదురు నీలంగా కనిపిస్తుంది. ఆ శాఖ కొన నుంచి ఉత్తరంగా సాగే లోయ వెంట చూపు నడిపించండి.

తర్వాత బి12, బి11, బి2 పట్టీలను (ఉపగ్రహం ఒక్కో రకం కాంతిలో విడిగా తీసిన చిత్రాలను) వరుసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం స్థానాల్లో పెట్టండి. బంకమట్టి ఖనిజాలు బి12 గ్రహించే పరారుణ కాంతిని పీల్చుకుంటాయి కనుక, మామూలు రంగుల్లో ఒకేలా ఉన్న రాళ్లు ఇక్కడ వేరుపడతాయి.

చాలామంది తడబడేది నీడల దగ్గరే. ఈ ఉపగ్రహం ఉదయం పదిన్నర ప్రాంతంలో వెళుతుంది కనుక వెలుగు ఆగ్నేయం నుంచి, అంటే చిత్రం కింది వైపు నుంచి పడుతుంది. పైనుంచి వెలుగు రావడానికి అలవాటుపడిన కన్ను లోయను గట్టుగా, గట్టును లోయగా పొరబడుతుంది. గూగుల్ ఎర్త్ లాంటి చోట చిత్రాన్ని తిప్పి దక్షిణాన్ని పైకి తెస్తే భ్రమ తొలగిపోతుంది.

ఇక గీతల సంగతి. నేరుగా ఉన్న ప్రతి గీతా భ్రంశం (నేల విరిగి జారిన చీలిక) కాదు: అక్కడ రహదారులున్నాయి, మృత సముద్రం దక్షిణ భాగంలో ఉప్పు తీసే మడుగుల గట్లున్నాయి, అరేబియాలోని రుబ్ అల్ ఖాలీ ఎడారిలోనైతే గాలి పేర్చిన ఇసుక తిన్నెలే పదుల కిలోమీటర్లు సమాంతరంగా సాగుతాయి. విసనకర్రలా పరచుకున్న ఒండ్రుమేటను కోసుకుంటూ పోయిన గీతను, దాని దగ్గర ఒకే వైపుకు పదేపదే వంగిన వాగులను వెతకండి. ఒక్క వాగు వంపును నమ్మవద్దు.

అన్నిటికన్నా బలమైన సాక్ష్యం లోయకు రెండు వైపులా ఉన్న శిలల పోలిక. పడమట తిమ్నా, తూర్పున ఫేనాన్ ప్రాంతాల్లో రాగి ఖనిజమున్న కేంబ్రియన్ (సుమారు 50 కోట్ల ఏళ్ల నాటి) శిలలు ఒకప్పుడు పక్కపక్కనే ఉండేవి. గూగుల్ ఎర్త్ కొలబద్దతో వాటి మధ్య దూరం కొలిస్తే, భూవిజ్ఞానులు ఈ భ్రంశానికి లెక్కగట్టిన సుమారు 105 కిలోమీటర్ల జరుగుబాటుకు దగ్గరి అంకె వస్తుంది.

సెంటినెల్-2 చిత్రంలో అతి చిన్న చుక్క 10 మీటర్లది కాబట్టి, ఏటా జరిగే కదలికను దానిలో చూడలేరు. అందుకు రాడార్ ఉపగ్రహాలు కావాలి. 2005 సెప్టెంబరులో ఇథియోపియాలోని అఫార్ ఎడారిలో సుమారు 60 కిలోమీటర్ల పొడవున నేల కొన్ని మీటర్ల మేర విడిపోయినప్పుడు, ఆ విస్తరణను కొలిచింది అలాంటి చిత్రాలతోనే.